పల్లె రోగి దారి ఎటు? సర్కారు దవాఖానాకూ ప్రైవేటు ఆస్పత్రికీ మధ్య గ్రామీణ వైద్యం

గ్రామీణ భారతంలో వైద్యం ఎవరు చేస్తున్నారన్న ప్రశ్నకు ప్రభుత్వ గణాంకాలే ఆలోచింపజేసే సమాధానం ఇస్తున్నాయి. 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం, గ్రామాల్లో ఆస్పత్రిలో చేరనక్కరలేని ప్రతి వంద అస్వస్థతల్లో దాదాపు 33 మాత్రమే ప్రభుత్వ వైద్యశాలల గడప తొక్కాయి. 41 ప్రైవేటు వైద్యుల వద్దకు, క్లినిక్‌లకు వెళ్లగా, మరో 21 ప్రైవేటు ఆస్పత్రులకు చేరాయి. ఆస్పత్రిలో చేరవలసి వచ్చిన కేసుల్లో సుమారు 46 శాతం ప్రభుత్వ రంగానికి, 52 శాతం ప్రైవేటు రంగానికి వెళ్లాయి. ప్రసవాలను మినహాయిస్తే, గ్రామీణులు ఒక్కసారి ఆస్పత్రిలో చేరినందుకు అయిన సగటు వైద్య వ్యయం ప్రభుత్వ ఆస్పత్రిలో 4,290 రూపాయలు. ప్రైవేటు ఆస్పత్రిలో అది 27,347 రూపాయలు.

ఖర్చు ఆరు రెట్లకు పైగా ఎక్కువ. అయినా కూలి చేసుకుని బతికే కుటుంబం సైతం అప్పు తెచ్చి, పొలం తాకట్టు పెట్టి ప్రైవేటు గుమ్మం ఎక్కుతోంది. దీనిని ప్రజల అజ్ఞానమనో, ఆడంబరమనో కొట్టిపారేయడం తేలిక. ఉచితంగా దొరికే వైద్యాన్ని కాదని డబ్బు పోసి కొనుక్కునే పేదవాడు తన లెక్క తాను వేసుకునే వెళ్తున్నాడు. ఆ లెక్క ఏమిటో తెలియకుండా ప్రభుత్వ, ప్రైవేటు వైద్యాలను తూకం వేయబూనడం వృథా.

పల్లెలో ‘ప్రైవేటు’ అంటే ఎవరు?

విధాన చర్చల్లో ప్రైవేటు వైద్యం అనగానే కార్పొరేట్ ఆస్పత్రుల అద్దాల మేడలు స్ఫురిస్తాయి. పల్లెలో వాస్తవం వేరు. అక్కడ ప్రైవేటు రంగానికి రెండు ముఖాలున్నాయి. ఒకటి, పట్టణంలోనో జిల్లా కేంద్రంలోనో ఉండే నర్సింగ్ హోమ్. రెండోది, ఊళ్లోనే ఉండే ఆర్ఎంపీ. ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ అన్న మాటకు ఇది సంక్షిప్త రూపం. ఆ పేరుతో పిలిపించుకునే వారిలో అత్యధికులు ఏ వైద్య మండలిలోనూ రిజిస్టర్ కానివారే కావడం ఈ దేశపు వింతల్లో ఒకటి. పైన చెప్పిన సర్వేలో అనధికారిక వైద్యుల వాటా నాలుగు శాతం చిల్లరగానే నమోదైంది. అయితే పల్లె జనం ఆర్ఎంపీని ‘డాక్టరు’ అనే పిలుస్తారు, సర్వే చేసేవారికీ అలాగే చెబుతారు. కనుక ‘ప్రైవేటు వైద్యులు’ అనే గడిలో పడిన 41 శాతంలో వీరి భాగం ఎంతో ఊహించుకోవలసిందే.

ఆయన ఊళ్లోనే ఉంటాడు. రాత్రి పదింటికి తలుపు తట్టినా లేస్తాడు. బండిపై ఇంటికే వచ్చి సూది వేస్తాడు. చేతిలో డబ్బు లేకపోతే పంట చేతికొచ్చాక తీసుకుంటాడు. రోగి తండ్రి పేరు, తాత పేరు కూడా ఆయనకు తెలుసు. ఈ సౌలభ్యాలలో ఏ ఒక్కటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకదు. ఆయన ఇచ్చే మందుల సంగతి వేరే కథ. జ్వరం ఏదైనా సెలైన్ బాటిల్, నొప్పి ఏదైనా స్టెరాయిడ్, దగ్గు ఏదైనా రెండు రోజుల యాంటీబయోటిక్. మందులకు లొంగని సూక్ష్మజీవుల బెడదకు ఈ అలవాటు పోస్తున్న ఆజ్యం తక్కువేమీ కాదు. పట్టణంలోని నర్సింగ్ హోమ్‌కు రోగిని పంపినందుకు ముట్టే కమీషన్ గ్రామాల్లో బహిరంగ రహస్యం. అంటే ప్రైవేటు రంగపు రెండు ముఖాలూ ఒకదానితో ఒకటి ముడిపడే ఉన్నాయి. ఆర్ఎంపీ దానికి వాకిలి, నర్సింగ్ హోమ్ నట్టిల్లు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తెలంగాణ వైద్య మండలి ఇటీవలి సంవత్సరాల్లో నకిలీ వైద్యులపై దాడులు ముమ్మరం చేసింది. కానీ ఒక క్లినిక్‌కు తాళం వేసిన రోజు రాత్రి ఆ ఊళ్లో జ్వరం వచ్చిన బిడ్డను ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్నకు ఆ దాడుల్లో జవాబు లేదు.

మధ్యప్రదేశ్ చెప్పిన చేదు నిజం

అర్హత గల ప్రభుత్వ వైద్యుడు, అర్హత లేని ప్రైవేటు వైద్యుడు. వీరిద్దరిలో ఎవరి వైద్యం మేలు? సమాధానం చెప్పనక్కరలేదని అనిపిస్తుంది. మధ్యప్రదేశ్ గ్రామాల్లో ఆర్థికవేత్త జిష్ణు దాస్ తదితరులు జరిపి, 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ ధీమాను కదిలించింది. శిక్షణ పొందిన వ్యక్తులను రోగులుగా నటింపజేసి, ఒకే రకమైన లక్షణాలతో ప్రభుత్వ, ప్రైవేటు వైద్యుల వద్దకు పంపారు. ప్రైవేటుగా వైద్యం చేస్తున్నవారిలో అత్యధికులకు వైద్య పట్టా లేదు. అయినా రోగిని అడగవలసిన ప్రశ్నలు, చేయవలసిన పరీక్షల విషయంలో వారు ప్రభుత్వ కేంద్రాల్లోని వారికంటే ఎక్కువ శ్రద్ధ చూపారు. సరైన చికిత్స సూచించడంలో ఇరువురూ సమానంగానే నిలిచారు.

అంతకంటే గట్టిగా తాకే అంశం మరొకటి ఉంది. ఒకే వైద్యుడు ఉదయం ప్రభుత్వ ఆస్పత్రిలో, సాయంత్రం సొంత క్లినిక్‌లో పనిచేస్తున్న సందర్భాలను పరిశోధకులు విడిగా పరిశీలించారు. అన్ని కొలమానాల్లోనూ ఆయన సాయంత్రపు వైద్యమే మెరుగ్గా తేలింది. చదువు అదే, అనుభవం అదే, చేయి అదే. ప్రభుత్వ వైద్యుల జీతానికీ వైద్య నాణ్యతకూ మధ్య సంబంధమేదీ ఈ అధ్యయనంలో కనిపించలేదు. ప్రైవేటులో రుసుము పెరిగిన కొద్దీ శ్రద్ధ పెరిగింది, దానితోపాటు అనవసరమైన చికిత్సా పెరిగింది.

ఈ ఫలితాలను ప్రైవేటు వైద్యానికి కితాబుగా చదువుకున్నవారు లేకపోలేదు. అది తొందరపాటు. రెండు రంగాల్లోనూ నాణ్యత దిగువనే ఉందన్నది ఆ అధ్యయనం చెప్పే మొదటి మాట. ప్రభుత్వ వైద్యుడికి రోగి పట్ల జవాబుదారీ లేదు. ప్రైవేటు వైద్యుడికి రోగి జేబు పట్ల ఉన్నంత శ్రద్ధ రోగం పట్ల ఉండాలన్న నియమం లేదు. పల్లె రోగి ఈ రెంటి మధ్య నలుగుతున్నాడు.

తలుపు తెరిచి ఉంటుందా?

నాణ్యత మాట తర్వాత, ముందు కేంద్రం తెరిచి ఉండాలి. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఆంగస్ డీటన్, ఎస్తర్ డఫ్లో 2000 దశకం తొలినాళ్లలో జరిపిన సర్వేలో పనివేళల్లోనే ఉప కేంద్రాలు సగానికి పైగా సందర్భాల్లో మూసి ఉన్నట్టు తేలింది. ఈ ముగ్గురూ ఆ తర్వాత నోబెల్ పురస్కారం అందుకున్నవారు. అదే జిల్లాలో నర్సుల హాజరును సమయముద్ర యంత్రాలతో నమోదు చేసి, గైర్హాజరుకు జీతంలో కోత విధించే ప్రయోగాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో ప్రభుత్వం చేపట్టింది. తొలి నెలల్లో హాజరు మెరుగుపడింది. ఏడాదిన్నర తిరిగేసరికి యంత్రం ఉన్న చోటా లేని చోటా తేడా లేకుండా పోయింది. ‘మినహాయింపు పొందిన రోజులు’ పెరుగుతూ పోయాయి, పైనున్న శాఖే వాటికి ఆమోదముద్ర వేసింది. నేడు ముఖ గుర్తింపు హాజరుపై ఆశలు పెట్టుకున్న రాష్ట్రాలు ఈ పాత అనుభవాన్ని ఒకసారి తిరగేయడం మంచిది.

కాగితంపై మన వ్యవస్థ విస్తృతమైనది. మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు ఒక ఉప కేంద్రం, ముప్పై వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, లక్షా ఇరవై వేలకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. 2023 మార్చి 31 నాటికి దేశంలో 1,69,615 ఉప కేంద్రాలు, 31,882 ప్రాథమిక కేంద్రాలు, 6,359 సామాజిక కేంద్రాలు ఉన్నాయి. 1946లో భోర్ కమిటీ గీసిన చిత్రపటం ఇంత మేరకు నేలమీదికి వచ్చింది.

చిక్కంతా మూడో మెట్టు వద్ద ఉంది. సామాజిక ఆరోగ్య కేంద్రంలో శస్త్రచికిత్స, ప్రసూతి, సాధారణ వైద్యం, పిల్లల వైద్యం నిపుణులు ఉండాలి. గ్రామీణ ఆరోగ్య గణాంకాలు 2021-22 ప్రకారం, అవసరంతో పోలిస్తే ఈ నిపుణుల కొరత దాదాపు 80 శాతం. సర్జన్ల కొరత 83 శాతం. నిపుణుడు లేని సామాజిక కేంద్రం పెద్ద భవనంలో ఉన్న ప్రాథమిక కేంద్రమే అవుతుంది. అక్కడి నుంచి జిల్లా ఆస్పత్రికి రాసే చీటీ పట్టుకుని వెళ్లిన రోగి దారిలో ప్రైవేటు నర్సింగ్ హోమ్ బోర్డు చూసి ఆగిపోతాడు.

వైద్యులు పల్లెకు ఎందుకు రారన్నది పాత ప్రశ్న. పిల్లల చదువు, ఇల్లు, భద్రత, జీవిత భాగస్వామి ఉద్యోగం అన్నీ నిజమైన కారణాలే. ఇంకో కారణాన్ని తక్కువగా చెప్పుకుంటాం. మత్తు వైద్యుడు లేని చోట సర్జన్, రక్తనిధి లేని చోట ప్రసూతి నిపుణురాలు తమ విద్యను తామే మరచిపోతారు. నలుగురు నిపుణులను నాలుగు కేంద్రాల్లో ఒంటరిగా కూర్చోబెట్టే బదిలీల విధానం వల్ల ఏ కేంద్రమూ పనిచేయదు. వారిని ఒకే కేంద్రంలో బృందంగా ఉంచి, తక్కిన కేంద్రాల నుంచి అక్కడికి అంబులెన్సులు నడిపితే నాలుగు మండలాలకు మేలు జరుగుతుంది. కానీ ప్రతి శాసనసభ్యుడికీ తన నియోజకవర్గంలో ఒక ఆస్పత్రి బోర్డు కావాలి.

ప్రసవాల్లో సర్కారు సాధించినది

ప్రభుత్వ వైద్యం పల్లెలో ఓడిపోయిందన్న నిర్ధారణకు రావడానికి ముందు ప్రసవాల లెక్క చూడాలి. 2005-06లో జరిగిన మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో ఆస్పత్రి ప్రసవాలు 38.7 శాతం. 2019-21 నాటి ఐదో సర్వేకు అవి 88.6 శాతానికి చేరాయి. ఇందులో ప్రభుత్వ ఆస్పత్రుల ప్రసవాలే మొత్తం ప్రసవాల్లో 61.9 శాతం. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, జననీ సురక్ష యోజన, ఊరూరా నిలిచిన ఆశా కార్యకర్తలు ఈ మార్పుకు మూలం. లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 2004-06లో 254 కాగా, 2018-20 నాటికి 97కు తగ్గాయి. పల్లెలో ఒక ప్రసవానికి సగటు ఖర్చు ప్రభుత్వ ఆస్పత్రిలో 2,404 రూపాయలు, ప్రైవేటులో 20,788 రూపాయలని జాతీయ నమూనా సర్వే చెప్పింది.

అంటే ప్రజలకు ప్రభుత్వ ఆస్పత్రి పట్ల పుట్టుకతో వచ్చిన విముఖత ఏమీ లేదు. ఫలానా రోజు, ఫలానా సేవ, ఫలానా మనిషి దగ్గర తప్పక దొరుకుతుందన్న నమ్మకం కుదిరిన చోట వారు వస్తున్నారు. తెలంగాణలో ప్రభుత్వ ఆస్పత్రుల ప్రసవాల వాటా నాలుగో సర్వే నాటికి సుమారు 30 శాతం ఉండగా, ఐదో సర్వే నాటికి 50 శాతానికి చేరువైంది. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్, దానితో ఇచ్చిన నగదు, ‘అమ్మ ఒడి’ వాహనాలు ఇందుకు తోడ్పడ్డాయి.

అయితే ఇదే రాష్ట్రం మరో సంగతికీ సాక్ష్యం. ఐదో సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగిన ప్రసవాల్లో 81.5 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దేశవ్యాప్తంగా ప్రైవేటులో 47.4 శాతం, ప్రభుత్వంలో 14.3 శాతం. తల్లీబిడ్డల శరీర నిర్మాణం ఆస్పత్రి యాజమాన్యాన్ని బట్టి మారదు కదా! ముహూర్తం చూసుకుని కోత కోయించుకునే కుటుంబాల పాత్రను కాదనలేం, కానీ సాధారణ కాన్పుకు ఒక రేటు, ఆపరేషన్‌కు దానికి రెట్టింపు రేటు ఉన్న చోట ముహూర్తం ఒక్కటే కారణమని నమ్మడం కష్టం. తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లో సైతం సిజేరియన్లు 44.5 శాతానికి చేరాయి. ప్రైవేటు అలవాటు సర్కారు గదుల్లోకీ పాకింది.

ఉత్తరాదిన దీనికి పూర్తి వ్యతిరేక దృశ్యం కనిపిస్తుంది. బిహార్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో సిజేరియన్లు నాలుగు శాతం కూడా లేవు. అక్కడ నిజంగా ఆపరేషన్ అవసరమైన తల్లికి ప్రభుత్వ ఆస్పత్రిలో అది దొరకడం లేదని దీని అర్థం. అదే రాష్ట్ర ప్రైవేటు ఆస్పత్రుల్లో దాదాపు 40 శాతం. ఒక దేశంలోనే అవసరం లేని కోత, అవసరమైనా దొరకని కోత పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి మూలం గ్రామీణ ప్రాంతంలో ఆపరేషన్ థియేటర్ ఎవరి చేతిలో ఉందన్నదే.

బీమా బాట: ఎవరికి ఎంత?

గత రెండు దశాబ్దాల్లో ప్రభుత్వాలు ఎంచుకున్న ప్రధాన మార్గం, ప్రైవేటు ఆస్పత్రిలోని పడకను ప్రభుత్వ సొమ్ముతో కొనడం. దీనికి తెలుగు నేలే ప్రయోగశాల. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆరోగ్యశ్రీని మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరంభించారు. మూడూ వెనుకబడిన, వలసల జిల్లాలే. గుండె శస్త్రచికిత్స అన్న మాటే వినని కుటుంబాల పిల్లలు హైదరాబాద్ ఆస్పత్రుల్లో బతికి బయటపడ్డారు. ఆ పథకానికి దక్కిన ఆదరణ నకిలీది కాదు. 2018 సెప్టెంబరులో కేంద్రం కుటుంబానికి ఏటా ఐదు లక్షల రూపాయల రక్షణతో ఆయుష్మాన్ భారత్ జన ఆరోగ్య యోజనను తెచ్చింది. ఆ తర్వాత పరిమితుల పోటీ మొదలైంది. 2023 డిసెంబరులో తెలంగాణ తన పరిమితిని పది లక్షలకు, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలకు పెంచాయి.

పరిమితి పాతిక లక్షలైనా, పల్లె కుటుంబాన్ని నెలనెలా నీరసింపజేసే ఖర్చు ఈ కార్డు పరిధిలోకి రాదు. మధుమేహం మాత్రలు, రక్త పరీక్ష, పిల్లవాడి జ్వరం, ఆస్పత్రికి పోయివచ్చే దారి ఖర్చు, పోయిన కూలి. ఇవన్నీ ఆస్పత్రిలో చేరకుండా జరిగే ఖర్చులు. జన ఆరోగ్య యోజన ప్రధానంగా పడక చికిత్సకు ఉద్దేశించింది. అందువల్ల పెద్ద రోగం వచ్చేదాకా ప్రభుత్వం పట్టించుకోదు, వచ్చాక లక్షలు చెల్లిస్తుంది. రక్తపోటును పదేళ్లు అదుపులో ఉంచే మాత్రకు డబ్బివ్వని వ్యవస్థ, అది అదుపు తప్పాక డయాలసిస్‌కు డబ్బిస్తుంది.

బీమా సొమ్ము ఆస్పత్రులున్న చోటికే పారుతుంది. పెద్ద ఆస్పత్రులు నగరాల్లో ఉన్నాయి. ఆదిలాబాద్ గూడెం వాసికీ, శ్రీకాకుళం మత్స్యకారుడికీ కార్డు విలువ అక్కడి నుంచి నగరానికి ఉన్న దూరాన్ని బట్టి తగ్గిపోతుంది. పైగా బిల్లులు సకాలంలో అందకపోతే ప్రైవేటు ఆస్పత్రులు సేవలు నిలిపివేస్తాయి. బకాయిల కోసం నెట్‌వర్క్ ఆస్పత్రులు చేతులెత్తేయడం, ప్రభుత్వం కొంత విడుదల చేయడం, సేవలు పునఃప్రారంభం కావడం ఉభయ తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ మళ్లీ చూస్తున్నదే. ఇందులో ఆస్పత్రుల వాదనకూ బలముంది. అరువు మీద నర్సులకు జీతాలివ్వలేరు. కానీ బడ్జెట్‌లో రాయని డబ్బుకు కార్డు మీద లక్షలు అచ్చువేయడం రోగితో చేసే బేరం, ఆస్పత్రితో చేసేది కాదు.

అక్రమాల మాట సరేసరి. 2023 ఆగస్టులో పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో కాగ్, జన ఆరోగ్య యోజన లబ్ధిదారుల్లో దాదాపు ఏడున్నర లక్షల మంది ఒకే మొబైల్ నంబరుకు అనుసంధానమై ఉన్నారని తేల్చింది. ఆరోగ్యశ్రీ తొలినాళ్లలో అనవసర గర్భసంచి తొలగింపులు గగ్గోలు పుట్టించాయి. చివరికి కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. నేటికీ తెలుగు రాష్ట్రాల మహిళల్లో గర్భసంచి తొలగింపులు దేశ సగటుకు రెట్టింపుకు మించి ఉన్నాయి. దీనికంతటికీ బీమాయే కారణమనలేం, ఆ అలవాటు బీమా కంటే పాతది. కానీ దానికి ప్రజాధనం తోడైతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

భాగస్వామ్యం ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయదు

ప్రైవేటు నిర్వహణ ప్రతి చోటా విఫలమైందనడం కూడా నిజం కాదు. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవే ఇందుకు నిదర్శనం. ప్రభుత్వ నిధులతో, ప్రైవేటు నిర్వహణలో అది పల్లె మూలలకు చేరి, ఆపై అనేక రాష్ట్రాలకు విస్తరించింది. బండి ఎన్ని నిమిషాల్లో వచ్చిందో, ఎవరిని ఏ ఆస్పత్రికి చేర్చిందో కొలవగలం కాబట్టి ఒప్పందం రాయగలం, అమలు చేయించగలం. 2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం కూడా ఇదే పద్ధతిలో జిల్లా ఆస్పత్రుల్లో ప్రైవేటు సంస్థల యంత్రాలతో నడుస్తోంది.

ఒక ప్రాంతపు సమగ్ర ఆరోగ్యాన్ని ఇలా కొలవడం కుదరదు. జరగని పక్షవాతానికి, రాని క్షయకు బిల్లు ఎలా వేస్తారు? కర్ణాటకలో కరుణా ట్రస్టు 1996లో గుంబళ్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని చేపట్టి చక్కగా నడిపింది. కానీ అది లాభాపేక్ష లేని సంస్థ. దాని విజయాన్ని లాభం కోసం పనిచేసే సంస్థకు ఆస్పత్రి అప్పగించడానికి ఉదాహరణగా వాడలేం.

ఆంధ్రప్రదేశ్‌లో పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో నిర్మించాలన్న 2025 సెప్టెంబరు నాటి మంత్రివర్గ నిర్ణయంపై రేగిన వివాదాన్ని ఈ వెలుగులోనే చూడాలి. ఆదోని, మార్కాపురం వంటి ప్రాంతాల్లో బోధనాసుపత్రి అంటే చుట్టుపక్కల మండలాలకు పెద్ద దిక్కు. నిధులు లేక భవనాలు అసంపూర్తిగా నిలిచిపోవడం కంటే భాగస్వామ్యం మేలని ప్రభుత్వం అంటోంది. ప్రజల ఆస్తిని ప్రైవేటుకు కట్టబెడుతున్నారని ప్రతిపక్షం అంటోంది. రెండు నినాదాల హోరులో ఒప్పంద పత్రంలోని అసలు అంశాలు మరుగున పడుతున్నాయి. ఎన్ని పడకలు పూర్తిగా ఉచితం, కార్డు లేని రోగి వస్తే ఎవరు చేర్చుకోవాలి, అత్యవసర విభాగం రాత్రిపూట ఎవరి బాధ్యత, షరతు ఉల్లంఘిస్తే ఆస్పత్రిని వెనక్కి తీసుకునే అధికారం ఎవరికి? పల్లె రోగికి కావలసిన చర్చ ఇది.

ప్రైవేటు రంగం ఎన్నటికీ తనంత తాను రాని చోట్లు కూడా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వందలాది కుటుంబాలను కుంగదీసిన మూత్రపిండాల వ్యాధికి చికిత్స కోసం రోగులు ఏళ్ల తరబడి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రభుత్వ సొమ్ముతోనే వచ్చాయి. కొబ్బరి, జీడితోటల కూలీల మధ్య అలాంటి ఆస్పత్రి కట్టడానికి ఏ పెట్టుబడిదారుడికీ కారణం లేదు. అక్కడ కూడా ఇటుకలు పేర్చడం కంటే నిపుణులను నిలబెట్టుకోవడమే కష్టమవుతోంది.

మాత్ర దొరికితే మనిషి వస్తాడు

తమిళనాడు ఈ చిక్కుముడిలో ఒక పోగును ముప్పై ఏళ్ల క్రితమే విప్పింది. 1994లో ఏర్పాటైన ఆ రాష్ట్ర వైద్య సేవల సంస్థ మందులను కేంద్రీకృతంగా కొని, నాణ్యత పరీక్షించి, ప్రతి ఆస్పత్రికీ పాస్‌బుక్ ఇచ్చి, అవసరం మేరకు తీసుకునే వీలు కల్పించింది. ఇందులో ఆకర్షణీయమైనదేదీ లేదు, శంకుస్థాపన ఫలకం కూడా ఉండదు. కానీ ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్తే మందు దొరుకుతుందన్న నమ్మకం అక్కడి పల్లెల్లో స్థిరపడింది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ఉచిత మందుల పథకాన్ని ఇదే బాటలో మొదలుపెట్టింది. అదే రాజస్థాన్ 2023 మార్చిలో దేశంలో తొలి ఆరోగ్య హక్కు చట్టం చేసినప్పుడు ప్రైవేటు వైద్యులు సమ్మెకు దిగారు, ప్రభుత్వం అనేక ప్రైవేటు ఆస్పత్రులను చట్టం పరిధి నుంచి తప్పించి రాజీ పడింది. అత్యవసర వైద్యం ఉచితంగా చేస్తే డబ్బెవరిస్తారన్న వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి చట్టంలో స్పష్టత లేకపోవడం ప్రభుత్వ లోపం.

పొరుగున శ్రీలంక ఇంకా పాత కథ. తలసరి ఆదాయం స్వల్పంగా ఉన్న రోజుల్లోనే గ్రామాలకు ప్రభుత్వ ఆస్పత్రులను తీసుకెళ్లిన ఆ దేశంలో, జ్వరానికి ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లేవారు ఎందరున్నా, పడక అవసరమైతే అత్యధికులు ప్రభుత్వ ఆస్పత్రికే వెళ్తారు. తీవ్ర ఆర్థిక సంక్షోభంలో సైతం ఆ అలవాటు చెదరలేదు. 

రాబోయే పదేళ్లలో అసలు పరీక్ష మధుమేహం, రక్తపోటుల వద్ద ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు అంచనా వేసింది. ఇవి ఆపరేషన్‌తో పోయే రోగాలు కావు, ప్యాకేజీలో ఇమడవు. నెలనెలా మాత్ర, మూడు నెలలకో పరీక్ష, మందు మానేస్తే ఇంటికొచ్చి అడిగే మనిషి కావాలి. 2017లో తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఇది ప్రభుత్వ వ్యవస్థలోనే సాధ్యమని చూపింది. అందరికీ ఒకే చికిత్సా క్రమం, ఒకేసారి నెలకు సరిపడా మాత్రలు, ఇంటికి దగ్గరి ఉప కేంద్రంలోనే మందుల పంపిణీ. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. మందుల సరఫరా తెగని చోట రక్తపోటు అదుపులోకి వచ్చింది.

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా పేరు మారిన ఉప కేంద్రాలు, తెలంగాణ పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్ గ్రామ ఆరోగ్య క్లినిక్‌లు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. అక్కడ నర్సింగ్ చదివిన మధ్యశ్రేణి ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. కానీ వారు పగటిపూటే ఉంటారు. కూలీలు పొలం నుంచి వచ్చేది సాయంత్రం. ఆర్ఎంపీ గది అప్పుడే తెరుచుకుంటుంది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు ఉప కేంద్రం తెరిచి ఉంచితే ఆ గదిలో రద్దీ ఎంత తగ్గుతుందో ఏ రాష్ట్రమైనా ఒక జిల్లాలో పరీక్షించి చూడవచ్చు. పశ్చిమబెంగాల్‌లోని బీర్భూమ్‌లో లివర్ ఫౌండేషన్ అర్హత లేని గ్రామీణ వైద్యులకు తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి చూసింది. వారి చికిత్స మెరుగుపడింది, అనవసరపు యాంటీబయోటిక్‌లు మాత్రం తగ్గలేదు. ఆర్ఎంపీలకు గుర్తింపు ఇవ్వాలా, వద్దా అని తర్జనభర్జన పడుతున్న ప్రభుత్వాలకు ఈ ఫలితంలోని రెండు సగాలూ అవసరమే.

డబ్బు విషయంలో కొంత మెరుగుదల ఉంది. మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజల జేబు ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. స్థూల దేశీయోత్పత్తిలో ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 1.15 శాతం నుంచి 1.84 శాతానికి పెరిగింది. రెండో అంకె కోవిడ్ ఏడాదిదని గుర్తుంచుకోవాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యం 2025 నాటికి 2.5 శాతం. ఆ వ్యయంలో మూడింట రెండు వంతులు ప్రాథమిక ఆరోగ్యానికి కేటాయించాలని కూడా ఆ విధానమే చెప్పింది. పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ప్రాథమిక ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేసింది. ఉప కేంద్రాల భవనాలు, ప్రాథమిక కేంద్రాల్లో రోగ నిర్ధారణ పరీక్షలు, మండల స్థాయి ప్రజారోగ్య విభాగాలు దాని ఉద్దేశాలు. ఆ గ్రాంటు కాలపరిమితి 2026 మార్చి. కట్టిన భవనాల్లో సిబ్బందికి జీతాలు, పరీక్షలకు రసాయనాలు ఆ తర్వాత ఏ ఖాతా నుంచి వస్తాయన్నది ఇక రాష్ట్రాల బడ్జెట్‌లలో, మొదటి పేజీ ప్రకటనల్లో కనిపించని పద్దుల్లో వెతకవలసి ఉంటుంది.